మొహం మారే చోటు

…మొదటి స్థానమే రావాలని కాదు, రెండోది వచ్చినా చాలు, అసలు ఏదీ రాకపోయినా పోయేదేమీ లేదు అని ఢిల్లీబాబు తనకు తాను చెప్పుకుంటూనే ఉన్నాడు. కానీ చెప్పే మనిషి మీద వినే మనిషికి నమ్మకం కుదరడం లేదు. ఎదుట బల్ల మీద వెనక రేకు ఊడదీసిన సెల్‌ఫోను పడి ఉంది. బాగుచేయమని ఇచ్చినవాడు కొండకు పోయి దర్శనం చేసుకుని సాయంత్రానికి వస్తానన్నాడు. సాయంత్రం కావస్తోంది. చెయ్యి మాత్రం ఆ ఫోనును వదిలి, పక్కనున్న తన ఫోను మీదికే పోతోంది.

ఆ ఫోనులో ఒక వాట్సాప్ గుంపు ఉంది. ‘బండ గేములు’ అనే యూట్యూబ్ కార్యక్రమాన్ని అభిమానించేవాళ్ల గుంపు. చిత్తూరు, పుత్తూరు, కాళహస్తి, అవతల తడ దాకా ఉన్న కుర్రకారు. నెల రోజులుగా వాళ్లకు ఒకటే పని. ఇంతవరకు వచ్చిన ఎపిసోడ్లలో ఏది గొప్పది, దానికంటే ఏది గొప్పది అని తగవులాడుకుని వరస పెట్టడం. పదో స్థానం నుంచి మొదలుపెట్టి పైకి ఎక్కుకుంటూ వచ్చారు. మూడోది కూడా తేలిపోయింది. ఇక మిగిలినవి రెండు. ‘ఎగిరే ఏనుగు’ ఒకటి, ‘వంద గేముల క్యాసెట్’ ఒకటి. ఆదివారం తిరుపతిలోనే అందరూ కలిసి, చేతులెత్తి, ఆ రెంటిలో ఏది పైనో తేలుస్తారు.

ఏనుగు ఎపిసోడ్‌లో ఢిల్లీబాబు లేడు. వంద గేముల దాంట్లో ఉన్నాడు.

కార్యక్రమం పుట్టింది ఢిల్లీబాబు సెల్‌ఫోన్లు బాగుచేసే ఈ అంగట్లోనే. ఆ కార్యక్రమం చేసే మోహన, అతను చిత్తూరులో ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్లు. ఒకరోజు మోహన వచ్చి, అటక మీద గోనెసంచిలో పడివున్న పాత టీవీ గేము క్యాసెట్లను చూశాడు. వాళ్ల చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడుకున్నవి. ఆడకపోతే ఊడదీసి, నోటితో ఉఫ్‌మని ఊది, మళ్లీ తగిలించేవాళ్లు. ఆ గేముల్లో సగం దొంగ సరుకు, మిగతా సగం ఎవడూ ఆడలేని సరుకు. మోహన వాటిని ఒక్కొక్కటే కెమెరా ముందు ఆడుతూ తిట్టడం మొదలుపెట్టాడు. తిట్టేవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. మోహన ఒళ్లంతా కుంకుమ పూసుకుని తిట్టాడు. అదీ తేడా.

తిరుపతి గంగమ్మ జాతరలో రోజుకొక వేషం. బండ వేషం రోజున మగవాళ్లు ఒళ్లంతా ఎర్రగా కుంకుమ పూసుకుని, ఎదురైనవాళ్లను నోటికొచ్చినట్టు తిడుతూ వీధుల్లో తిరుగుతారు. తిట్టించుకున్నవాడు కోప్పడకూడదు. వేషం తిట్టు అంటే తల్లి దీవెన. చిన్నప్పుడు ఒక బండ వేషం ఢిల్లీబాబు మొహంలో మొహం పెట్టి, అతని ముక్కునూ చీమిడినీ వంశాన్నీ కలిపి తిడితే ఏడుపు ముంచుకొచ్చింది. అమ్మ రాఘవమ్మ వీపు మీద చరిచి, “నగురా, నగు! ఏడిస్తే మంచిది కాదు. చేతులెత్తి నగు,” అంది. ఏడుపును గొంతులోనే మలుపు తిప్పి నవ్వుగా బయటికి తేవడం ఆ రోజు నేర్చుకున్నాడు. అది ఈత లాంటి విద్య. ఒకసారి వస్తే ఇక మరపు ఉండదు.

‘వంద గేముల క్యాసెట్’ తీసింది రేవతి వెళ్లిపోయిన కొత్తలో. రేవతి అతని భార్య. పెద్ద గొడవేమీ జరగలేదు. పుత్తూరులో పుట్టింటికి పోయి, ఇక రానని ఫోనులో చెప్పింది. “నీతో ఉంటే దినామూ నిన్నటి దినమే మళ్లా వచ్చినట్టుండాది,” అంది. ఆ మాట అతను ఒక్క మోహనకే చెప్పాడు. కొండ దిగే బస్సులో, మలుపు మలుపుకూ ఒరుగుతూ, కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. మోహన భుజం మీద చెయ్యి వేశాడు, ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనం ఆ రోజు చాలా గొప్పగా అనిపించింది.

కొన్నాళ్లకు కెమెరా ముందు ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. మోహన ఒంటినిండా కుంకుమ. చేతిలో పసుపుపచ్చ క్యాసెట్. దాని మీద వంద గేములని అచ్చు వేసి ఉంది.

“ఏమిరా అంగడోడా! వంద అని రాసిండాది. కాణిపాకం పోయి ప్రమాణం చేస్తావా, ఇందులో వందుండాయని? సేతులు పడిపోతాయిరా! ఒగటే గేము. ఒగే రోడ్డు, ఒగే కారు. కారు రంగు మార్చి రెండంటాడు, ఇంగో రంగు పూసి మూడంటాడు. మొదటి లెవలు దాటితే మళ్లా మొదటి లెవలే. నీ మాదిరే కదరా ఇది! అందుకే కదరా మీ రేవతి మొదటి లెవలు సూసి, టీవీ ఆపేసి పుత్తూరు పొయ్యింది!”

ఢిల్లీబాబు నవ్వాడు. చేతులెత్తి దండం పెట్టి మరీ నవ్వాడు.

తర్వాత చాలాకాలం ఆ నవ్వుకు లోలోపల మరమ్మతు చేస్తూ గడిపాడు. తిట్టింది వేషం, మోహన కాదు. ఊరంతా విన్న మాట ఇక ఒక్కడి సొంతం కాదు, ఒక్కడి సొంతం కానిది ఒక్కడినే నొప్పించలేదు. జాతర లేని రోజు కట్టిన వేషానికి ఆ చెల్లుబాటు ఉంటుందా అన్న అనుమానం అప్పుడప్పుడూ వచ్చి గడపలో నిలబడేది. దాన్ని లోపలికి పిలవలేదు. అంగడికి కుర్రాళ్లు వచ్చి, “అన్నా, ఆ నగు ఒగసారి నగన్నా,” అని పక్కన నిలబడి ఫోటోలు తీసుకునేవాళ్లు. నవ్వేవాడు. ఇంతమందికి తన ఓర్పు నచ్చింది, తన సరదా నచ్చింది అనుకునేవాడు. రేవతికి నచ్చనిది ఇంతమందికి నచ్చింది.

ఆ ఎపిసోడ్ అన్నిటికంటే పైన ఉంటే, ఆ రోజు జరిగింది అవమానం కాదు. ఒక గొప్ప పనిలో తన వాటా. కిందికి జారిందా, ఉత్త అవమానమే మిగులుతుంది. అందుకే మొదటి స్థానం కావాలి. ఇంత మాట మాత్రం అతను మనసులో కూడా పూర్తిగా అనుకోలేదు. సగంలో ఆపి, విప్పిన ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

విడాకులు ఎప్పుడో అయిపోయాయి. ఈ మధ్యే రేవతికి తడలో మళ్లీ పెళ్లయిందని తెలిసింది. ఆ సంగతి కూడా మోహనకే చెప్పాడు. చెప్పుకోవడానికి ఇంకెవరున్నారు?

ఆదివారం పొద్దున అందరికంటే ముందు అతనే పోయాడు. టిఫిన్ హోటలు మేడ మీద చిన్న హాలు. కింది నుంచి దోశల వాసన, గిన్నెల చప్పుడు. ఒక చివర చెక్కలు పరిచి జానెడు ఎత్తున వేదిక లాంటిది కట్టారు. దాని మీద పాత పెట్టె టీవీ, గుడ్డ కప్పిన బల్ల. టీవీకి, గేము పెట్టెకు తీగలు కలపాలి. ఆ పని ఢిల్లీబాబుకు తప్ప ఇంకెవరికీ రాదు. బల్ల వెనక నేల మీద చతికిలబడి తీగల చిక్కు విప్పుతుండగా మెట్ల మీద మాటలు వినిపించాయి. లోహిత, గిరి వచ్చి కుర్చీలు వేస్తున్నారు. లోహిత ఇంజనీరింగు చదువుతోంది, గుంపును నడిపేది ఆ అమ్మాయే. గిరి ఏదో కంపెనీలో కొత్తగా చేరాడు.

“ఏనుగే ఫస్టు, ఇంగ మాట్లాడొద్దు,” అంటున్నాడు గిరి. “ఆ మెట్ల డైలాగు ఒగటి చాలదా? ‘పండు ముసలామె గూడా అలిపిరి మెట్లన్నీ ఎక్కేసి పైన కాఫీ తాగతాది, ఈ గేములో ఉండే నాబట్టకు ఒగ మెట్టు ఎక్కను రాదు, ఏనుగు మాత్రం ఎగరతాదంట!’ దానికి మా నాయన గూడా నగినాడబ్బా. మా నాయన నగేది మా యమ్మే సూడలేదు.”

“నగితే అయిపోయిందా? కితకితలు పెట్టినా నగు వస్తాది. వంద గేముల్లో ఉండేది వేరే.”

“ఏముండాది? తిట్లు గూడా తక్కువే దాంట్లో.”

“తిట్లు కాదప్పా, ఢిల్లీ అన్న మొహం. పెండ్లాం పేరు వింటానే మొహం మారతాది సూడు. నగు ఇంగా రాలేదు. ఏడుపూ కాదు. ఇంట్లో కరెంటు పోయినట్టు అయిపోతాది. ఆడ ఆపి సూడు. ఈ ఛానెల్లో మిగిలిందంతా యాక్టింగే. ఆ రవంతే నిజం.”

“ఓ, ఆ స్టిక్కరా!” గిరి నవ్వాడు. “పోయిన సారి మార్కులు తక్కువొచ్చినప్పుడు మీరందరూ గుంపులో అదే కదా పెట్టినారు. నేను పొరపాట్న మా మేనేజరుకు పంపిచ్చేసినా. ‘హూ ఈజ్ దిస్ పూర్ మ్యాన్’ అంటాడు.”

ఢిల్లీబాబు చేతిలో తీగ అలాగే ఉండిపోయింది. తనున్న గుంపులో అలాంటి స్టిక్కరు ఎప్పుడూ చూడలేదు. అంటే తను లేని గుంపు ఒకటి ఉంది. తను లేని చోట తన మొహం తిరుగుతోంది.

లేచి నిలబడ్డాడు. లోహిత ఉలిక్కిపడి కుర్చీ వదిలేసింది.

“అన్నా! ఈడే ఉండావా?”

“ఉండా. ఏదిమా ఆ స్టిక్కరు, సూపీ.”

“ఊరికే అన్నా అది… ఏదో పిల్లోళ్లు…”

“సూపీ మా.”

ఆమె ఫోను చాపింది. చిన్న చదరంలో ఒక మనిషి. నోరు కొంచెం తెరిచి ఉంది. కళ్లు కెమెరా వైపు లేవు, పక్కనున్నవాడి వైపూ లేవు. ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరగబోయి, పిలిచినవాళ్లు లేరని తెలిసినట్టు ఉంది ఆ చూపు. ఆ ఎపిసోడ్ ఢిల్లీబాబు ఎన్నోసార్లు చూశాడు. చూసిన ప్రతిసారీ తన నవ్వు కోసమే ఎదురు చూశాడు. అది వచ్చే లోపల ఉన్నదాన్ని దాటించేశాడు. మనిషి తన నవ్వును అద్దంలో సాధన చేయగలడు గానీ, నవ్వుకు ముందున్న మొహాన్ని చూసుకోలేడు. అది ఎదుటివాళ్ల కోసమే పుడుతుంది. సరిగ్గా దాన్నే వీళ్లు కోసి దాచుకున్నారు.

“అన్నా,” లోహిత నెమ్మదిగా అడిగింది, “అది ముందే అనుకుని చేసింది కాదు కదా? స్క్రిప్టా?”

“స్క్రిప్టే మా. నేనే చెప్పినా వానికి, అట్ల అనురా అని.”

తులం బంగారమనుకుని కొన్నది గిల్టని తేలినట్టు ఆ అమ్మాయి మొహం వాడిపోయింది. గిరి చంకలు గుద్దుకున్నాడు. “సూసినావా! అంతా డూపే. ఏనుగే ఫస్టు!”

లోహిత ఫోనులోని బొమ్మను మరోసారి చూసి, జాలితో కాదు, విసుగుతో పక్కన పెట్టింది. ఆ విసుగును ఢిల్లీబాబు తట్టుకోలేకపోయాడు. జాలి పడినా బాగుండేది. ఒక్క అబద్ధంతో మొదటి స్థానం చేతిలోంచి జారిపోతోంది. తన గొంతునే ఇంకెవరిదో అన్నట్టు విన్నాడు.

“లేదు మా. తమాషాకు అట్ల అంటి. నాకు ముందు తెలీదు. వాడు అంటాడని అనుకోలేదు.”

“నిజంగానా అన్నా?”

“నిజంగానే.”

లోహిత మొహం వెలిగింది. “చెప్పినా కదా!” అని గిరి వీపు మీద ఒక్కటి వేసింది.

పక్క గదిలో మోహన అప్పటికే చొక్కా విప్పి కుంకుమ పూసుకుంటున్నాడు. చేతులు అందని చోట పూయమని వీపు తిప్పాడు. ఢిల్లీబాబు గిన్నెలో నూనె కలిపిన కుంకుమ తీసి పూయసాగాడు. ఈ పని ఎప్పుడూ తనదే.

“ఎవురు గెలస్తాండార్రా?”

“వంద.”

“గెలవదా మరి!”

వేళ్లు వీపు మీద ఆగాయి. “మోహనా, ఆ పొద్దు ఆ మాట… వేషం మీద అట్ల వచ్చేసిందా, ముందే అనుకున్యావా?”

“ఏందిరా, ఇన్నేండ్లకు!” మోహన తల తిప్పకుండానే నవ్వాడు. “ముందే రాసుకుంటి. నీకు సెప్పింటే ఆ మొహం వస్తాదా? బస్సులో నువ్వు సెప్తాండంగానే అనుకున్యా, ఆ లెవలు కత దీనికి సరిగ్గా సరిపోతాదని. వీడియోలో ఆ మొహాన్ని రవంత నిదానం చేసి, దగ్గరికి లాగింది గూడా నేనే. లేకుంటే ఎవురు సూసుందురు? కన్ను మూసి తెరిసే లోపల నగేస్తివి కదరా నువ్వు.”

బస్సులో మాట్లాడని ఆ మౌనం ఇప్పుడు అర్థమైంది. మోహన అప్పుడు వింటూ లేడు. రాసుకుంటున్నాడు.

“ఈ పొద్దు ఇంగొగటి ఉండాది. కొత్తది. సెప్పను,” అన్నాడు మోహన.

“తడ సంగతా?”

మోహన గిన్నెలో వేళ్లు ముంచి మొహానికి పూసుకోసాగాడు.

“వద్దురా. ఆ యమ్మి యాడో బతకతాండాది. ఆమె మాట వద్దు.”

“పేరెత్తనులే.”

“పేరెత్తకున్నా వద్దు. అడగతాండా నిన్ను.”

మోహన ఇటు తిరిగాడు. సగం పూసిన మొహం, సగం మామూలు మొహం. “ఒరే, వాళ్లు దేనికి వచ్చినారనుకుంటాండావు? నా తిట్లకా? ఏండ్ల నుంచి తిట్టి తిట్టి గొంతు పోగొట్టుకుంటి. నా మొహాన్ని ఎవుడన్నా స్టిక్కరు చేసినాడా? నువ్వు ఊరికే కూచుంటే చాలు, అందరికీ నువ్వే. ఎచ్చులు పోవాకు. కూచో. వేషం తిడితే నగల్ల, అంతే.”

మిగిలిన సగానికి తనే కుంకుమ పట్టించుకుని బయటికి నడిచాడు.

హాలు నిండింది. లోహిత వేదిక పక్కన నిలబడి ముందు ఏనుగుకు చేతులెత్తమంది. గిరి రెండు చేతులూ ఎత్తితే అందరూ అరిచారు. తర్వాత వంద గేములంది. లెక్కపెట్టాల్సిన పని లేకపోయింది. ఈలలు, బల్లల మీద దరువు. “ఢిల్లీ అన్నా! ఢిల్లీ అన్నా!”

మొదటి స్థానం. ఇంతకాలం దీని కోసం ఎదురు చూసిన మనిషి తనలో ఎక్కడున్నాడా అని వెతికాడు ఢిల్లీబాబు. ఎవరూ పలకలేదు. కాళ్లు మాత్రం అలవాటుగా చెక్కల మీదికి నడిచాయి. టీవీ పక్కన వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. మోహన పసుపుపచ్చ క్యాసెట్ చేతిలోకి తీసుకుని ఉఫ్‌మని ఊదాడు. హాలు ఊగిపోయింది.

తిట్లు మొదలయ్యాయి. కారును తిట్టాడు, రోడ్డును తిట్టాడు, రోడ్డు పక్కన ఎప్పటికీ ఒకే చోట నిలబడే చెట్టును తిట్టాడు. ఆ క్యాసెట్ తయారుచేసినవాడిని కొండ మీద గుండు గీయించుకుని, ఆ వెంట్రుకలతోనే ఉరేసుకొమ్మన్నాడు. మంచి ఊపులో ఉన్నాడు. ఢిల్లీబాబుకు కూడా ఒకటి రెండు చోట్ల నిజంగానే నవ్వొచ్చింది. ఇంతటితో ఆపేస్తాడేమో, అడిగాను కదా, ఆపేస్తాడేమో అనుకున్నాడు. మోహన మాటలో తొందర తగ్గి, గొంతు కిందికి దిగింది.

“ఇంగో సంగతి తెల్సా అబ్బా మీకు? మనోడు ఆడలేక మూల పడేసిన ఈ గేమును, తడలో ఎవుడో ఎత్తుకోని పొయి వాళ్లింట్లో టీవీకి తగిలిచ్చినాడంట.” ఆగాడు. ఢిల్లీబాబు వైపు వంగాడు. “ఆడ రెండో లెవలు వచ్చేసిందంటరా!”

హాలంతా పగలబడి నవ్వింది. ఆ వెంటనే, ఎవరో సైగ చేసినట్టు, ఆగింది. ఫోన్లన్నీ మోహన మీది నుంచి ఇటు తిరిగాయి. వెనక వరసలో ఒకడు సరిగ్గా కనబడడం లేదని కుర్చీ ఎక్కాడు. ముందు వరసలో కూర్చున్న లోహిత ఫోను పైకెత్తి పట్టుకుంది. ఆమె కళ్లలో వెటకారం లేదు, క్రూరత్వమూ లేదు. హారతి పళ్లెం తన దాకా వచ్చేటప్పుడు చాచే చేతుల్లో ఉండే ఆశ ఉంది.

గొంతులో ఏడుపు బయలుదేరింది. మలుపు దగ్గరికి వచ్చింది. పెదవుల కొసలు తమంతట తామే రెండు వైపులా సాగడానికి సిద్ధమయ్యాయి. చేతులు ఒకదాని కోసం ఒకటి కదిలాయి. ఇప్పుడు నవ్వితే ఆ ముందు క్షణం వాళ్లకు దొరుకుతుంది. ఏడిస్తే అంతకంటే మంచిది దొరుకుతుంది. కోప్పడితే వచ్చే ఏడు వరసలో అదే మొదటిది. ఏం చేసినా ఈ చెక్కల మీద కూర్చున్నంతసేపు అది వాళ్లదే అవుతుంది. మోహన ఎర్రటి మొహంలో చిన్న కళ్లు తన మొహం కోసమే చూస్తున్నాయి, ఫోన్లకంటే దగ్గరగా, ఫోన్లకంటే ఆకలిగా.

కలవబోయిన చేతులను విడదీసి, ఢిల్లీబాబు లేచాడు. కుర్చీ వీపు పట్టుకుని ఎత్తాడు. చెక్కల మీంచి నేల మీదికి దిగాడు. ఇదేదో కొత్త తమాషా అనుకుని వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. అతను అటు చూడలేదు. ముందు వరసలో లోహిత పక్కన సందు ఉంటే కుర్చీని అక్కడ, వేదికకు ఎదురుగా వేసి, అందులో కూర్చుని మోహన మొహంలోకి చూశాడు.